లాకర్ రూమ్ నుంచి బ్యాండ్ గది దాకా

అమెరికా సుప్రీంకోర్టులో అదే తొమ్మిది మంది జడ్జీలు ఏడేళ్ల తేడాతో ఒకే ప్రశ్నను రెండుసార్లు విన్నారు. ప్రభుత్వ స్కూల్లో చదివే పిల్లల మీద ఏ అనుమానమూ లేకపోయినా, వాళ్ల మూత్రం తీసుకుని డ్రగ్స్ పరీక్ష చేయవచ్చా? 1995 జూన్ 26న, వెర్నోనియా స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ ఆక్టన్ కేసులో ఆరుగురు చేయవచ్చన్నారు, ముగ్గురు కూడదన్నారు. 2002 జూన్ 27న, బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ వర్సెస్ ఎర్ల్స్ కేసులో ఐదుగురు చేయవచ్చన్నారు, నలుగురు కూడదన్నారు. ఆ ఏడేళ్లలో ఒక్క జడ్జీ కూడా రిటైర్ కాలేదు, కొత్తగా ఎవరూ రాలేదు. అటు నుంచి ఇటు జరిగిన ఓటు ఒక్కటే. అది జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ది.

ఈ రెండు తీర్పులనూ సాధారణంగా ఒకదానికి ఒకటి కొనసాగింపుగా చెబుతారు. మొదటిది ఆటగాళ్లకు వర్తించింది, రెండోది దాన్ని పాటగాళ్లకూ వాద్యగాళ్లకూ విస్తరించింది అని. పక్కపక్కన పెట్టుకుని పేరా పేరాగా చదివితే కనిపించేది వేరు. మొదటి తీర్పు చూపిన కారణాలను రెండో తీర్పు ఒక్కొక్కటిగా వదిలేసింది, ఫలితాన్ని మాత్రం అట్టిపెట్టుకుంది. అయితే ఆ నేరం మొత్తం రెండో తీర్పు మీద వేయడం కూడా న్యాయం కాదు. వదిలేయడానికి వీలుగా ఆ కారణాలను పేర్చింది మొదటి తీర్పే.

రెండు ఊళ్లు

వెర్నోనియా ఒరెగన్ రాష్ట్రంలో అప్పట్లో కలప కోత మీద బతికిన చిన్న ఊరు. 1980ల రెండో సగంలో అక్కడి టీచర్లు పిల్లల తీరులో పెద్ద మార్పు చూశారు. డ్రగ్స్ వాడుతున్నామని పిల్లలు బాహాటంగా గొప్పలు చెప్పుకున్నారు, స్కూలు తమను ఏమీ చేయలేదని సవాలు విసిరారు. 1980ల తొలినాళ్లతో పోలిస్తే క్రమశిక్షణ చర్యలు రెట్టింపు దాటాయి. ఈ ధోరణికి ముందు నడుస్తున్నది ఆటగాళ్లేనని కింది కోర్టు నమ్మింది. ఒక రెజ్లర్‌కు ఛాతీ ఎముక తీవ్రంగా దెబ్బతింటే, దాని వెనక డ్రగ్సే ఉన్నాయని తన నమ్మకమని కోచ్ సాక్ష్యం చెప్పాడు. స్కూలు ముందు ప్రత్యేక క్లాసులు పెట్టింది, వక్తలను పిలిపించింది, వాసన పట్టే కుక్కను తెచ్చింది. పరిస్థితి మారలేదు. 1989లో తల్లిదండ్రులతో సమావేశం జరిపి ఆటగాళ్లందరికీ మూత్ర పరీక్ష పెట్టింది. సీజన్ మొదట్లో అందరికీ ఒకసారి, ఆ తర్వాత వారం వారం చీటీలు తీసి 10 శాతం మందికి. 1991లో ఫుట్‌బాల్ ఆడతానని పేరిచ్చిన ఏడో తరగతి కుర్రాడి తల్లిదండ్రులు అంగీకార పత్రం మీద సంతకం చేయలేదు. కుర్రాడిని జట్టులోకి రానివ్వలేదు. కేసు అక్కడ మొదలైంది.

ఎర్ల్స్ కేసు పుట్టిన టెకమ్సే, ఓక్లహోమా సిటీకి ఆగ్నేయంగా 40 మైళ్ల దూరంలోని గ్రామీణ ప్రాంతం. 1998లో ఇక్కడి స్కూలు బోర్డు పెట్టిన నియమం పాఠాలు కాకుండా ఏ కార్యక్రమంలో చేరిన వాళ్లకైనా వర్తించేది. ఆచరణలో పోటీలు ఉండే కార్యక్రమాలన్నిటికీ అమలు చేశారు. అంటే ఆటలతోపాటు బ్యాండ్, గాయక బృందం, క్విజ్ పోటీల జట్టు, పశువులను పెంచి ప్రదర్శనలకు తీసుకెళ్లే ఫ్యూచర్ ఫార్మర్స్ సంఘం, వంటా ఇంటి నిర్వహణా నేర్చుకునే ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ సంఘం. కేసు వేసిన అమ్మాయి పాడేది, మార్చింగ్ బ్యాండ్‌లో ఉండేది, క్విజ్ జట్టులో ఉండేది, నేషనల్ ఆనర్ సొసైటీ సభ్యురాలు.

వెర్నోనియాలో కింది కోర్టు చూసింది దాదాపు తిరుగుబాటు. టెకమ్సేలో రికార్డు చాలా పలచన. కొందరు పిల్లలు మత్తులో ఉన్నట్టు కనిపించారని టీచర్లు చెప్పారు, స్కూలు పార్కింగ్ దగ్గర కుక్క గంజాయి సిగరెట్లు పసిగట్టింది, ఒక విద్యార్థి నడిపిన కారులో పోలీసులకు డ్రగ్స్ దొరికాయి. కానీ అదే స్కూలు యంత్రాంగం కేంద్ర ప్రభుత్వ నిధుల కోసం పెట్టుకున్న దరఖాస్తుల్లో, మద్యం, పొగాకు మినహా తక్కినవి పెద్ద సమస్యగా కనబడలేదని రాసుకుంది. గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో ఈ సంగతిని బయటికి తీసి చూపించింది.

మూడు ప్రశ్నలు, రెండు రకాల జవాబులు

అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ అసమంజసమైన సోదాలను నిషేధిస్తుంది. మూత్రం తీసుకుని పరీక్షించడం సోదా కిందికే వస్తుందని కోర్టు అప్పటికే తేల్చింది. అది సమంజసమా కాదా అని తూచడానికి 1995లో జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా మూడు ప్రశ్నలు వేసుకున్నాడు. పిల్లలకు ఉన్న గోప్యత ఎంత? ఆ గోప్యతలోకి చొరబాటు ఎంత? ప్రభుత్వానికి ఉన్న అవసరం ఎంత? 2002లో జస్టిస్ క్లారెన్స్ థామస్ ఇవే ప్రశ్నలను ఇదే వరసలో వేసుకున్నాడు. జవాబులను పక్కపక్కన పెట్టినప్పుడే ఇద్దరి దారులూ ఎక్కడ విడిపోయాయో తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకు స్కాలియా జవాబు కళ్లకు కడుతుంది. లాకర్ రూములో అందరి ముందూ బట్టలు మార్చుకుంటారు, తెరల్లేని షవర్ల కింద స్నానం చేస్తారు, సిగ్గరి పిల్లలకు ఆటలు సరిపడవు అని చురక వేస్తాడు. పైగా ఆటగాళ్లు సీజన్‌కు ముందు వైద్య పరీక్ష చేయించుకోవాలి, ఇన్సూరెన్స్ చూపించాలి, కనీస మార్కులు నిలబెట్టుకోవాలి. ఇన్నిటికి ఒప్పుకుని వచ్చినవాళ్లు కాబట్టి వాళ్లకు గోప్యత మీద ఆశ తక్కువే ఉండాలి అంటాడు. ఇది ఎంత బిగువైన వాక్యనిర్మాణమో, అంత పదునైన వాదన కూడా. గాయక బృందం దగ్గరికి వచ్చేసరికి థామస్‌కు లాకర్ రూము దొరకలేదు. పోటీలకు ఊరు దాటి వెళ్లినప్పుడు కలిసి బస చేస్తారు, కలిసి బట్టలు మార్చుకుంటారు అని చెప్పి, కార్యక్రమాల నియమాలను ప్రస్తావించి, ఆ తర్వాత అసలు మాట అన్నాడు. ఆటగాళ్లకూ ఇతరులకూ ఉన్న ఈ తేడా వెర్నోనియా తీర్పుకు ప్రాణాధారం కాదు, అది ప్రధానంగా నిలబడింది పిల్లల మీద స్కూలుకున్న సంరక్షణ బాధ్యత మీద అని.

రెండో ప్రశ్న దగ్గర టెకమ్సే విధానమే మెరుగని ఒప్పుకోవాలి. వెర్నోనియాలో మగపిల్లలు మూత్రశాల దగ్గర నిలబడి నమూనా ఇస్తుంటే, పర్యవేక్షకుడు 12 నుంచి 15 అడుగుల వెనక నిలబడేవాడు. ఆడపిల్లలు తలుపు వేసుకున్న గదిలో ఉండేవారు. టెకమ్సేలో అందరికీ తలుపు మూసే ఉండేది, పర్యవేక్షకులు బయట ఉండి చప్పుడు వినేవారు. ఫలితాలు పోలీసులకు వెళ్లేవి కావు, మార్కుల మీద పడేవి కావు, వేరే ఫైల్లో ఉండేవి. కానీ ఇద్దరు జడ్జీలూ చొరబాటును ఎక్కువగా మూత్రశాల తలుపు దగ్గరే కొలిచారు. డాక్టర్ రాసిచ్చి తాను వాడుతున్న మందుల వివరాలు స్కూలుకు చెప్పుకోవలసి రావడం పదహారేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద బహిర్గతం కావచ్చు. టెకమ్సేలో సంగీతం టీచరు ఆ జాబితాలను ఇతర పిల్లల కంటపడేలా వదిలేసిందన్న ఫిర్యాదు రికార్డులోనే ఉంది. దాన్ని థామస్ ఒంటరి ఉదంతంగా దాటేశాడు.

మూడో ప్రశ్న దగ్గర తేడా పూర్తిగా బయటపడుతుంది. స్కాలియా అవసరాన్ని సాక్ష్యంతో నింపాడు: తిరుగుబాటు, గాయం, పనిచేయని క్లాసులు. అప్పీలు కోర్టు టెకమ్సే విషయంలో అడిగింది కూడా ఇదే. పరీక్షించదలచిన పిల్లల్లో తగినంతమందికి డ్రగ్స్ సమస్య ఉందని ముందు చూపించండి అంది. థామస్ ఆ షరతును కొట్టేశాడు. దేశమంతటా డ్రగ్స్ బెడద ఉంది, టెకమ్సేలోనూ కొంత ఆధారం ఉంది, చాలామంది పిల్లలు అలవాటు పడేదాకా స్కూలు చేతులు కట్టుకుని కూర్చోవాలనడం అర్థంలేనిది అన్నాడు. చివరి మాటలో ఇంగితం లేకపోలేదు. ఏ తండ్రీ కొడుకు పాడయ్యేదాకా ఆగడు. కానీ ఈ వాదన ఏ ఊరికి వర్తించదు? దేశంలో సమస్య ఉండడమే చాలినప్పుడు, వెర్నోనియా సాక్షులు కోర్టు మెట్లెక్కి చెప్పినదంతా ఎందుకు చెప్పినట్టు?

శ్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు నిలబెడతారు, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగేస్తారు. వెర్నోనియా వాస్తవాలను థామస్ అలా లాగేశాడు. లాకర్ రూము పోయింది, గాయం పోయింది, డ్రగ్స్ వాడకంలో ముందున్న ఆటగాళ్లూ పోయారు. మిగిలింది సంరక్షణ బాధ్యత ఒక్కటే. ఇక్కడే స్కాలియా తీర్పు చివరి పేజీలకు తిరిగి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యమైన అంశం, తన సంరక్షణలో ఉన్న పిల్లలకు ప్రభుత్వం గార్డియన్‌గా, గురువుగా ఉండడమే అని ఆయనే రాశాడు. దాంతోపాటు, అనుమానం లేని పరీక్షలు వేరే సందర్భాల్లో సులువుగా నెగ్గుతాయని అనుకోవద్దని హెచ్చరించాడు కూడా. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. స్కూలు పిల్లలందరూ స్కూలు సంరక్షణలోనే ఉంటారు గదా. థామస్ మొదటి మాట పట్టుకున్నాడు, రెండోది జారిపోయింది.

1989 నాటి స్కాలియా

దీనికి ఇంకో సాక్ష్యం స్కాలియా సొంత రాతల్లోనే ఉంది. 1989లో కస్టమ్స్ ఉద్యోగుల డ్రగ్స్ పరీక్షలను సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు ఆయన అసమ్మతి రాశాడు. ఆ శాఖలో డ్రగ్స్ సమస్య ఉందని ఎవరూ చూపించలేదు, డ్రగ్స్ మీద పోరాడుతున్నామని లోకానికి చాటుకోవడం కోసం మనుషుల గోప్యతనూ గౌరవాన్నీ బలిపెడుతున్నారు అన్నది ఆ అసమ్మతి సారం. 1995లో వెర్నోనియా రికార్డును ఆయన అంత ఓపికగా పేర్చడానికి కారణం అదే కావచ్చు. అప్పుడు అడిగిన సాక్ష్యం ఇక్కడ దొరికింది. మరి 2002లో? సాక్ష్యం తప్పనిసరి కాదనడానికి థామస్ ఆధారం చేసుకున్నది ఆ కస్టమ్స్ తీర్పునే. స్కాలియా విడిగా ఒక్క వాక్యం రాయకుండా ఆ తీర్పుతో ఏకీభవించాడు. పెద్దవాళ్లైన ఉద్యోగుల కోసం అడిగిన ప్రశ్నను పిల్లల కోసం అడగలేదు.

రచనగా చూస్తే స్కాలియా తీర్పు ఎన్నో మెట్లు పైన ఉంటుంది. ఊరు కనిపిస్తుంది, మనుషులు కనిపిస్తారు, వాదన బిగువుగా నడుస్తుంది. థామస్ తీర్పు చప్పగా సాగే ఆఫీసు నోటులా ఉంటుంది. నిజాయతీలో మాత్రం థామస్‌దే పైచేయి. అసలు నియమం ఏమిటో ఆయన దాచకుండా చెప్పాడు. స్కాలియా శైలి ఆ నియమాన్ని ఏడేళ్లపాటు కనిపించకుండా కప్పి ఉంచింది.

రెండు అసమ్మతులు

మెజారిటీ తీర్పులకంటే ఎక్కువ తేడా అసమ్మతి తీర్పుల మధ్య ఉంది. 1995లో జస్టిస్ సాండ్రా డే ఓకానర్, 2002లో గిన్స్‌బర్గ్. ఇద్దరూ ‘కూడదు’ అన్నవాళ్లే, కానీ ఒకే కారణంతో కాదు.

ఓకానర్ అడిగింది మూలానికి సంబంధించిన ప్రశ్న. నాలుగో సవరణ పుట్టిందే అందరి ఇళ్లలోనూ వరసగా చేసే సోదాలకు వ్యతిరేకంగా. ఒక్కరి మీద అన్యాయంగా చేసే సోదా చెడ్డదైతే, అందరి మీదా సమానంగా చేసే సోదా మంచిదైపోదు. వెర్నోనియా రికార్డును ఆవిడ ఇంకో చూపుతో చదివింది. అందులోని ఉదంతాల్లో చాలావాటిలో ఫలానా పిల్లవాడు, ఫలానా ప్రవర్తన అని స్పష్టంగా ఉంది. అంటే అనుమానానికి కావలసినంత ఆధారం టీచర్ల కళ్ల ముందే ఉంది, దాని వెంట వెళ్లకుండా అందరినీ పరీక్షించారు. కేసు వేసిన కుర్రాడు చదివిన చిన్న తరగతుల బడిలో డ్రగ్స్ సమస్య ఉన్న ఆనవాలే దాదాపు లేదని కూడా ఆవిడ ఎత్తి చూపింది.

గిన్స్‌బర్గ్ దారి వేరు. 1995లో ఆవిడ మెజారిటీతో ఉంటూనే, స్కూలంతటికీ పరీక్ష పెట్టవచ్చా అన్నది ఇంకా తేలలేదని విడిగా రాసింది. 2002లో ఆవిడ వాదన వెర్నోనియా సరైనదే అన్న నమ్మకం మీదే నిలబడింది. అక్కడి వాస్తవాలు ఇక్కడ లేవు కదా అన్నదే ఆవిడ అభ్యంతరం. క్షేమం కోసమే ఈ పరీక్షలు అన్న వాదనను ఆవిడ వెక్కిరించిన తీరు అమెరికా న్యాయసాహిత్యంలో పేరుపడింది. చేతులు దాటిన కత్తులూ గరిటెలూ, కట్టు తెంచుకున్న పశువులూ, గుద్దుకునే ట్యూబా వాద్యాలూ నిజంగా ఊరికి ప్రమాదమా అని అడిగింది. ఇలాంటి కార్యక్రమాల్లో చేరే పిల్లలే డ్రగ్స్ జోలికి తక్కువగా వెళ్తారు, పరీక్షకు భయపడి చేరడం మానేస్తే అసలు నష్టం అప్పుడే మొదలవుతుంది అంది. ఇష్టమైతేనే చేరుతున్నారు గదా అన్నదానికీ జవాబిచ్చింది. కాలేజీ సీటు కోసం పోటీపడే పిల్లలకు ఈ కార్యక్రమాలు చదువులో భాగమే అని. పిల్లలను ఆర్కెస్ట్రాకూ డిబేట్‌కూ తిప్పుతూ, కాలేజీ అప్లికేషన్ కోసం ఏళ్ల తరబడి సిద్ధం చేసే అమెరికా తెలుగు తల్లిదండ్రులకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ అంగీకార పత్రం ముందుకొస్తే సంతకం పెట్టకుండా ఉండగలిగే ఇళ్లు ఎన్ని?

చదవడానికి గిన్స్‌బర్గ్ అసమ్మతి హాయిగా ఉంటుంది, గెలుస్తున్నట్టే ఉంటుంది. తర్కంలో మాత్రం ఓకానర్ మాటే గట్టిది. వాస్తవాల తేడా మీద నిలబడితే, ఆ తేడా ముఖ్యం కాదని ఐదుగురు అనగానే వాదన కూలిపోతుంది. జరిగింది అదే. ఓకానర్ 2002లో రాసింది అతి కొద్ది మాటలు. వెర్నోనియాయే తప్పని అప్పుడనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను అన్నది వాటి భావం. ఆ కొద్ది మాటలూ గిన్స్‌బర్గ్ హాస్యం కంటే లోతుకు వెళ్తాయి.

ఓకానర్‌కు ఎదురయ్యే చిక్కును దాటవేయకూడదు. అనుమానించిన వాళ్లనే పరీక్షించాలంటే ఎవరిని అనుమానిస్తారు? టీచరుకు నచ్చనివాళ్లను, అల్లరి పిల్లలను. పరీక్షకు పిలుపు రావడమే ముఖాన మచ్చ అవుతుందని స్కాలియా అన్నాడు. అమెరికా స్కూళ్లలో శిక్షలు నల్లజాతి పిల్లల మీద ఎక్కువగా పడుతున్న సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాటను తేలిగ్గా తీసేయలేరు. చీటీల పద్ధతికి పక్షపాతం లేదు. కానీ అనుమానానికి కారణం చెప్పాలి, చెప్పిన కారణాన్ని తల్లిదండ్రులు, లాయరు, జడ్జీ నిలదీయవచ్చు. చీటీకి కారణమే ఉండదు, దాన్ని నిలదీసే మార్గమూ లేదు. పక్షపాతం ఉన్న టీచరుకు మందు ఆ టీచరును ప్రశ్నించడం. అందరినీ సమానంగా అనుమానితులను చేయడం దానికి మందు కాదు.

ఆ తర్వాత

ఈ పరీక్షలకు ఆగే చోటు లేదన్న భయం ఊహ కాదని న్యూజెర్సీ చూపించింది. 2003లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించిన స్కూలు పరీక్షల్లో, కారు నిలుపుకోవడానికి పార్కింగ్ పర్మిట్ తీసుకున్న విద్యార్థులు కూడా ఉన్నారు. లాకర్ రూముతో మొదలైన కథ పార్కింగ్ స్థలానికి చేరింది. అదే ఏడాది పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అలాంటి విధానాన్ని తప్పుబట్టింది. 2008లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆటగాళ్ల పరీక్షలను కూడా కొట్టేసింది. అంటే వెర్నోనియా నియమాన్నే తమ గడప దాటనివ్వలేదు.

ఈ పరీక్షలు పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నకు స్కాలియా, థామస్ ఇద్దరి వద్దా అప్పుడు గట్టి సమాధానం లేదు. 2003లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు సుమారు 76,000 మంది విద్యార్థుల వివరాలు చూసి, పరీక్షలున్న స్కూళ్లకూ లేని స్కూళ్లకూ డ్రగ్స్ వాడకంలో తేడా కనబడలేదన్నారు. మరుసటి ఏడాది అధ్యక్షుడు జార్జ్ బుష్ స్కూలు పరీక్షల కోసం అదనంగా 2 కోట్ల 30 లక్షల డాలర్లు అడిగాడు. 2010లో విద్యాశాఖ తరఫున 36 హైస్కూళ్లలో జరిగిన అధ్యయనం మరో చిత్రం చూపింది. గడిచిన నెలలో డ్రగ్స్ వాడామన్నవాళ్లు, పరీక్షల కిందికి వచ్చే విద్యార్థుల్లో 16 శాతం, పరీక్షలు లేని స్కూళ్లలోని అలాంటి విద్యార్థుల్లో 22 శాతం. ఫలితం కొంత ఉన్నట్టే. కానీ పరీక్షల కిందికి రాని తోటి పిల్లల మీద ప్రభావమేమీ కనబడలేదు. పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, స్కూళ్లలో ఈ పరీక్షలకు మద్దతు ఇవ్వలేదు.

ఈ లెక్కల్లో ఒక సంగతి రెండు తీర్పుల తర్కాన్నీ తలకిందులు చేస్తుంది. ఏ జట్టులోనూ, ఏ సంఘంలోనూ చేరకుండా ఒంటరిగా తిరిగే పిల్లవాడి చీటీ డబ్బాలో ఉండదు. పార్కింగ్ దగ్గర గంజాయి కాల్చేవాడు బ్యాండ్‌లో లేకపోతే అతన్ని ఎవరూ పరీక్షించరు. జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ 2002లో మెజారిటీతో ఉంటూ దీన్నే సుగుణంగా చూశాడు. ఇష్టంలేని పిల్లలు కార్యక్రమం మానుకుని తప్పించుకోవచ్చు, స్కూలు నుంచి వెళ్లగొట్టరు అన్నాడు. తోటివాళ్లు డ్రగ్స్ ఇస్తే వద్దనడానికి ఈ పరీక్ష ఒక సాకు అవుతుందని కూడా అన్నాడు. రెండో మాటలో పిల్లల లోకం తెలిసిన ఆదరం ఉంది. మొదటి మాటలో మాత్రం హక్కును నిలుపుకోవాలంటే పాటను వదులుకో అన్న బేరం ఉంది.

2009లో సుప్రీంకోర్టు ముందుకు సాఫర్డ్ కేసు వచ్చింది. అరిజోనాలో నొప్పి మాత్రలు దాచిందన్న అనుమానంతో పదమూడేళ్ల పిల్లను లోదుస్తుల దాకా సోదా చేశారు. ఎనిమిది మంది జడ్జీలు అది రాజ్యాంగ విరుద్ధమన్నారు, థామస్ ఒక్కడే కాదన్నాడు. బట్టలు విప్పించడం మూత్ర నమూనాకంటే చాలా పెద్ద చొరబాటు, కాబట్టి ఈ పోలికకు ఒక హద్దుంది. అయినా తర్కం నడిచిన తీరు చూడాలి. ఆ పిల్ల మీద అనుమానం ఉంది కాబట్టి, ఆ అనుమానం ఎంత బలమైనది, మాత్రలు ఎంత ప్రమాదకరమైనవి, అక్కడే దాచిందనడానికి ఆధారమేమిటి అని కోర్టు అడగగలిగింది. టెకమ్సే గాయక బృందంలోని పిల్ల విషయంలో అడగడానికి ఏ ప్రశ్నా మిగల్లేదు, ఎందుకంటే ఆ పిల్ల మీద ఎవరికీ అనుమానం లేదు. తప్పు చేసిందనుకున్న పిల్లకు దొరికిన విచారణ, ఏ తప్పూ చేయలేదని అందరూ ఒప్పుకున్న పిల్లకు దొరకలేదు. 1995లో స్కాలియా కారణాలను ఎంత అందంగా పేర్చినా, 2002లో థామస్ వాటిని ఎంత నిర్మొహమాటంగా తీసేసినా, వాళ్లు కలిసి కట్టిన నియమం పిల్లలకు చెప్పేది ఇదే. దీన్ని సరిదిద్దాలంటే గిన్స్‌బర్గ్ చేసినట్టు బ్యాండ్‌కూ ఫుట్‌బాల్‌కూ మధ్య గీత గీస్తే చాలదు. ఓకానర్ అడిగిన చోటే, ‘ఈ పిల్లనే ఎందుకు?’ అన్న ప్రశ్న దగ్గరే మళ్లీ మొదలుపెట్టాలి.